నీళ్లకు ముందు ఏరిన రాళ్లు

తడి గోనెసంచి వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు. మాచర్లకు అవతల, కృష్ణ ఒడ్డున ఉన్న మా ఊరు డ్యాము నీళ్లలో మునగబోతున్న ఏడాది, మా వసారా నిండా అదే వాసన. ఆదిమానవుల రాతి పనిముట్ల మీద పరిశోధన చేసే ఒకాయన ఆ వేసవంతా మా ఇంట్లోనే దిగాడు. పొద్దున్నే వాగు గట్లన్నీ తిరిగి, ఏరిన రాళ్లను సంచుల్లో మోసుకొచ్చి గంగాళంలో కడిగితే, అక్కా నేనూ వాటిని గోనెసంచుల మీద ఎండలో పరిచి, పక్కనే కూర్చుని తాటిముంజెలు తినేవాళ్లం. మనిషి కొట్టి పెచ్చు లేపిన రాయికి ఒక అంచు కావాలని చెక్కినట్టు ఉంటుందని ఆయన చూపించాక, మా అచ్చనగాయల రాళ్లను కూడా అనుమానంగా తిప్పి చూసుకునేవాళ్లం.

ఊరు ఖాళీ చేయాలని కబురొచ్చినప్పటి నుంచి మా తాతయ్యకు అన్నం సయించలేదు. రోజూ చేనుకు పోయి, ఏ పనీ చేయకుండా గట్టు మీద కూర్చుని వచ్చేవాడు. ఒక సాయంత్రం, గొడ్డలిలా చెక్కిన రాయొకటి చేతిలోకి తీసుకుని, "ఇది చేసినోళ్లు ఎప్పటోళ్లయ్యా?" అని అడిగాడు. సేద్యమంటే తెలియని కాలంలోనే ఈ వాగు నీళ్లు తాగి బతికినవాళ్లని ఆయన చెప్పాడు.

"అట్టయితే ఆ ముక్కే సర్కారుకు రాయవయ్యా. అప్పట్నించీ మనుషులున్న చోటని తెలిస్తే మమ్మల్ని లేపరేమో."

ఆయన తడి చేతులు తుడుచుకున్నాడు. "నీళ్లొస్తున్నాయనే నన్ను పంపారు పెద్దాయనా. మునిగేలోపు ఏరుకు రమ్మన్నారు."

తాతయ్య రాయిని మెల్లగా సంచి మీద పెట్టి లోపలికి పోయాడు. కానీ సంచులు తరలించే రోజున బండి కట్టింది తాతయ్యే. ఎందుకని నాయనమ్మ అడిగితే, "ఆ పాతకాలపోళ్లవన్నా గట్టున పడనీయే" అన్నాడు.

తర్వాత మేమూ కొత్త కాలనీకి చేరాం. నాపరాళ్ల నేల, రేకుల కప్పు. అందరూ వాకిట్లో చెట్లు పెట్టుకుంటే తాతయ్య ఒక్క మొక్కా నాటలేదు. "దీన్నెప్పుడు లేపుతారో ఏందో" అనేవాడు. ఎంతో కాలం బతకలేదు.

ఇప్పుడు లాంచీ ఎక్కిన జనం ఆ నీళ్ల మీద ఫొటోలు తీసుకుంటారు. మా ఊరు ఎటువైపని మనవలడిగితే నేను ఉజ్జాయింపుగా చెయ్యి చూపిస్తాను. అక్క ఉన్నన్నాళ్లూ ఎవరింటి పక్కన ఎవరిల్లో ఇద్దరం వాదించుకునేవాళ్లం. నిరుడు అక్క పోయింది. ఇక నేనెటు చూపించినా, కాదనేవాళ్లు లేరు.