కౌల్ బజార్‌కంతా వినబడిన పిన్

మా ఇంట్లో మగవాళ్లు డబ్బు చేతితో ముట్టేవాళ్లు కాదు. ఆ పనికి గుమాస్తా ఉండేవాడు. గుమాస్తాలు పోయారు, పొలాలు చాలావరకు పోయాయి. సత్యనారాయణపేటలో అద్దె ఇల్లు, నా జేబులో క్రెడిట్ కార్డు మిగిలాయి. అలవాటు మాత్రం పోలేదు. కౌల్ బజార్‌లో ఎప్పుడూ వెళ్లే బట్టల అంగట్లో కుర్చీలో కూర్చుని, కార్డు అందించి, పిన్ అంకెలు గట్టిగా చెప్పేవాణ్ణి. అంగడి యజమాని నొక్కుకునేవాడు. మిషన్ ముందు వంగి, అరచేయి అడ్డం పెట్టుకుని మీటలు నొక్కడం పరువుగల మనిషి పని కాదని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే.

ఒకరోజు ఆ అంగడి నుంచి ఇంటికొచ్చేసరికి జేబులో పర్సు లేదు. ఫోనులో మాత్రం సందేశం ఉంది: నా కార్డుతో ఎవరో ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఏదో కొన్నారు. మా సొంతూరు దేశనూరులో మిగిలిన మడికి కౌలుగా ఏడాదికి వచ్చే గుత్త ఎంతో, అంత మొత్తం. నా భార్య వెంటనే ఫోన్ చేసి కార్డు ఆపించి, నన్ను బ్యాంకుకు బయలుదేరదీసింది. దారి పొడుగునా ఒకటే పాఠం.

"పిన్ ఎవురికీ చెప్పలేదనండి. ఒక్క అబద్ధం. గుత్త దుడ్డు నిలుస్తాది."

సంగతి తెలిసి, సాక్ష్యం చెబుతానని బట్టల అంగడి యజమాని కూడా బ్యాంకుకు వచ్చాడు. వద్దన్నా వినలేదు. అభిమానం.

బ్యాంకు అమ్మాయి మర్యాదగానే అడిగింది. "పిన్ ఎవురికన్నా చెప్పినారా సార్? చెప్పింటే, మీరు కార్డు ఆపించేదాకా అయిన నష్టం మీదే. చెప్పకుంటే మేము విచారిస్తాం."

నా భార్య మోచేత్తో పొడిచింది. నేను నోరు తెరిచేలోగా అంగడి యజమాని అందుకున్నాడు.

"మా అయ్య అబద్ధమాడే మనిషి కాదమ్మా. గుసగుసలు ఆ వంశంలోనే ల్యావు. పిన్ చెప్తే మా అంగడి ఎదురుగా ఉండే టీ హోటల్‌కి వినపడాల!"

"ఏమప్పా, నువ్వు మా సాక్షివా, దొంగ తరపు లాయరువా?" అంది నా భార్య.

"నిజమా సార్?" అంది అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

"నిజమే. నష్టం నాది," అని నిటారుగా నిలబడి సంతకం పెట్టాను. నెలనెలా కంతులుగా కట్టుకొమ్మంది అమ్మాయి.

"జమీను పోయినా మాట పోలేదయ్యా," అన్నాడు యజమాని. నా ఛాతీ పొంగింది.

నా భార్య కుర్చీలోంచి లేవలేదు. "ఇంతకీ ఆ దొంగ ఏం కొన్యాడమ్మా?"

అమ్మాయి దుకాణానికి ఫోన్ చేసి కనుక్కుంది. "వాషింగ్ మిషన్ అంట, మేడమ్."



"అంటే కంతులు మేం కట్టాల, బట్టలు వాని పెండ్లాం ఉతుక్కోవాల," అంది నా భార్య. తర్వాత నావైపు తిరిగింది. "వాడు యాడుండాడో కనుక్కోండి. మన మురికి బట్టలన్నా పంపిద్దాం."