నరికి చూపిన నేల

బ్రెజిలు దేశపు అమెజాను అడవుల్లో, షింగు నది ఒడ్డున ఉన్న మా ఊరి బ్యాంకు శాఖలో జులెయిడి పాంతోజ ఇరవై రెండేళ్లు పొలాల తనిఖీ ఉద్యోగం చేసింది. ఆమె వెళ్లి చూసివచ్చి సంతకం పెట్టనిదే సాధారణంగా అక్కడ పశువులకుగాని, పంటకుగాని అప్పు పుట్టేది కాదు.

2008లో కేంద్ర బ్యాంకు కొత్త నిబంధన అమలులోకి వచ్చింది. అమెజాను ప్రాంతంలో పర్యావరణ చట్టాన్ని పాటించినట్లు పత్రాలు చూపలేని వారికి ఏ బ్యాంకూ సాగు రుణం ఇవ్వరాదు. అడవిని కాపాడే పనిలో కొంత ఆ విధంగా ఆమె కలానికి వచ్చిపడింది.

ఆ సంవత్సరమే వల్దోమీరు అనే చిన్న రైతు అరవై ఆవులు కొనడానికి అప్పుకు దరఖాస్తు పెట్టాడు. అప్పు రాకపోతే అతడు మళ్లీ పరుల మందలో కూలికి పోవలసినదే. అతని కూతురికి జ్ఞానస్నానపు తల్లి జులెయిడి; అందుచేత అతడామెను కొమాద్రే అని పిలిచేవాడు.

ఆమె తనిఖీకి వెళ్లేసరికి అతని పొలంలో వాగు పక్క నేల ఇంకా పొగలు కక్కుతున్నది.

"చూడు కొమాద్రే, నువ్వొస్తున్నావని వాగుదాకా శుభ్రం చేయించా. ఇల్లు ఊడ్చినట్టు లేదూ?"

"ఎప్పుడు కొట్టించావు?"

"పోయిన నెల. మా నాన్న రోజుల్లో చెట్లు కొట్టి చూపిస్తే గానీ బ్యాంకు ఆయన గేటు దాటేవాడా? సోమరిపోతు నేల అనేవాడు."

"ఆయన రోజులు పోయాయి. ఈ నలభై హెక్టార్లూ నిలబడి ఉంటే నీకు అప్పు వచ్చేది."

వల్దోమీరు వేళాకోళమనుకొని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"పోనీ, పాత పచ్చిక అని రాసెయ్. ఎవరు చూడొచ్చారు?"

"ఉపగ్రహంతో పైనుంచి ఫోటోలు తీస్తున్నారు. తీయకపోయినా రాయను."

"ఆ ఫోటోలు తీసేవాడు నా ఇంట్లో చేపల పులుసు తాగలేదు. నువ్వు తాగావు."

"తాగాను. బాగుంది కూడా."

ఆమె నివేదికలో ఉన్నదున్నట్లు రాసింది: నలభై హెక్టార్లు, కొత్తగా నరికినవి. అప్పు రాలేదు. వల్దోమీరు రెండేళ్లు పొరుగువారి మంద కాశాడు. ఆమెతో మాటలు మానుకున్నాడు. మూడో ఏట తానే వచ్చి, వాగు పక్క నేలను వదిలిపెడితే చట్టం పాటించినట్లు లెక్కకు వస్తుందా అని అడిగాడు. కంచె వేసి, మళ్లీ చెట్లు లేవనిమ్మని ఆమె చెప్పింది. అవసరమైన పత్రాల జాబితాను తన చేతితోనే రాసి ఇచ్చింది.

ఏడో ఏట ఇరవై ఆవులకు అప్పు మంజూరయింది. అందుకు ముందు జరిగిన తనిఖీలో అతనికి అనుకూలంగా రాయవలసి వస్తుందని తెలిసి, దానికి మాత్రం ఆమె వెళ్లలేదు. తమ మధ్య బంధుత్వమున్నదని మేనేజరుకు రాసి, వేరొకరిని పంపమని కోరింది.