చివరి డబ్బా గుంజి చూసే మనిషి

పోయిన మంగళవారం తొమ్మిదో తరగతిలో పాఠం చెబుతుంటే గుమ్మం దగ్గర ఒకామె వచ్చి నిలబడింది. మా బడిలో ఇరవై ఏళ్లకు పైగా ల్యాబ్ అటెండరుగా పనిచేసి, మూడేళ్ల కింద రిటైరైన ఆయన కూతురు. చేతిలో ఎర్రదారం కట్టిన తాళంచెవి ఉంది.

"బాపు పోయిండు మేడం, పొద్దుగాల. గీ చెవి మీకే ఇయ్యమన్నడు," అంది.

స్టోర్ రూములోని పాత ఇనుప బీరువా తాళంచెవి అది. ఎన్నడో పోయిందని మేమంతా అనుకున్నదే. రిటైరైన మనిషి దగ్గర బడి తాళంచెవి ఉండకూడదని రూలు. ఆయన దగ్గర ఉందంటే ఏదో పని మిగిలి ఉండి ఉంటుందని మాత్రం నాకు అప్పుడే అనిపించింది. పిల్లల ముందు ఏడవకూడదని చాక్‌పీసు గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. అది విరిగింది.

ఆర్మూర్‌లో ఆయన తెలియని వాళ్లకు ఆయన గురించి ఏం చెప్పాలి? పొట్టి మనిషి. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, ఎడమకాలు కొద్దిగా కుంటు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేవారు, పాట మాత్రం ఎవరికీ వినపడనంత చిన్నగా పాడేవారు. ఏది కట్టినా, ఏది మూసినా ఒకసారి గుంజి చూడటం ఆయన అలవాటు. గేటు గొళ్లెం పెట్టి గుంజేవారు. పరీక్ష పేపర్ల కట్ట కట్టి తాడు గుంజేవారు. ఒకసారి నా టిఫిన్ డబ్బా మూత కూడా గుంజి చూశారు, పప్పు ఒలుకుతుందేమోనని. నేను నవ్వాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివానన్న పొగరు నిండా ఉంది. బీకర్లు కడిగే మనిషి దగ్గర నేర్చుకునేది ఏముంటుందనుకునే వయసు.

ఆ పొగరుతోనే ఒక రోజు ప్రార్థనలో మైకు పట్టుకుని, ఈసారి సైన్స్ ఫెయిర్‌లో ఆర్మూర్‌కు రైలు వస్తుందని ప్రకటించాను. పిల్లలు ఈలలు వేశారు. ఎందుకు వేయరు? మా ఊరికి రైలు వస్తుందన్న మాట వాళ్ల తాతలు కూడా వింటూ పెరిగారు. అప్పట్లో రైలెక్కాలంటే నిజామాబాద్ పోవాల్సిందే. మా బడి పిల్లల్లో సగం మంది రైలును చూడనే లేదు. ఆ ఏడు ఫెయిర్ మా బడిలోనే. ఆలూర్ నుంచి, దొంకేశ్వర్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లలు వస్తారు. అంతమంది ముందు నా మాట నిలబడాలి.

హైదరాబాద్ నుంచి చిన్న ఇంజను, గుండ్రంగా తిరిగే పట్టాలు తెప్పించాను. దాంతో వచ్చిన డబ్బాల ప్లాస్టిక్ కొక్కేలు రెండు రోజులకే విరిగాయి. ఆ చక్రాల మీదే దళసరి పెళ్లికార్డుల అట్టతో నలుగురు పిల్లలూ నేనూ కలిసి ఆరు డబ్బాలు చేసుకున్నాం. వాటిని ఒకదానికొకటి తగిలించడానికి పేపరు క్లిప్పులు వంచి నేనే కొక్కేలు చేశాను. ఇక అక్కడ మొదలైంది నా బాధ. ఇంజను బయలుదేరగానే రెండో డబ్బా దగ్గర ఊడేది. అది తగిలిస్తే నాలుగోది ఊడేది. ఇంజను ఒక్కటే హుషారుగా చుట్టూ తిరిగి వచ్చి, వెనక మిగిలిన తన డబ్బాలనే గుద్దేది. విసుగొచ్చి అన్నింటినీ రాగి తీగతో బిగించి కట్టేశాను. మొదటి మలుపులోనే మొత్తం రైలు పక్కకు పడిపోయింది.

అది చూసిన మా హెడ్మాస్టరు, పరువు పోతుందమ్మా, తిప్పకుండా ఊరికే నిలబెట్టి చూపించు అన్నారు. ఫెయిర్‌కు ఇంకా రెండు రోజులే ఉంది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. అప్పటిదాకా మూలన పరీక్ష నాళికలు కడుగుతున్న మా అటెండర్ చేతులు తుడుచుకుంటూ వచ్చారు.

"నిలబెడితే డబ్బాల లెక్క ఉంటది సార్, రైలెట్లయితది?" అన్నారు.

హెడ్మాస్టరు నవ్వి వెళ్లిపోయారు. నేను మాత్రం ఏడుపు గొంతుతోనే, ఇన్ని రోజులు చూస్తూ ఊరుకున్నావేందన్నా అని ఆయన మీదనే కోప్పడ్డాను. మీరు అడగలేదు గద మేడం అన్నారు. నిజమే, అడగలేదు.

ఆ సాయంత్రం ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు నా రాగి తీగలన్నీ తీసేశారు. ఒక అట్టముక్కను కత్తిరించి, దానికి ఒకచోట గాటు పెట్టి, పట్టా మీద నిలబెట్టారు. ఒక్కో డబ్బాను దాని దగ్గరికి తెచ్చి, కొక్కెం సరిగ్గా ఆ గాటు దగ్గరికి వస్తుందా లేదా అని వంగి చూశారు. నేను కంటి అంచనాతో పెట్టిన కొక్కేల్లో ఏ రెండూ ఒక ఎత్తులో లేవు. పట్టాల అతుకు దగ్గర డబ్బా కొంచెం ఎగిరితే చాలు, పైకొక్కెం కింది కొక్కెంలోంచి జారిపోతోంది. ఆరింటినీ ఒకే ఎత్తుకు తెచ్చారు. తర్వాత ప్రతి కొక్కేన్నీ అటూ ఇటూ తిరిగేలా వదులు చేశారు. నేను ఊడిపోతుందేమోనని కంగారుపడ్డాను.

"బిగ్గ కడితే మలుపుల పడతది మేడం. వడ్లగింజ పట్టేంత సందు ఉండాలె," అన్నారు.

అన్నీ తగిలించాక ఇంజను దగ్గరికి పోలేదు. తోక దగ్గరికి వెళ్లి, చివరి డబ్బాను వేలితో మెల్లగా వెనక్కి గుంజారు. సందులు ఒక్కొక్కటిగా బిగుసుకుంటూ పోయి, చివరికి ముందున్న ఇంజను కదిలింది. "గిప్పుడు రైలయింది," అన్నారు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే కాలు చూపించారు. వయసులో ఉన్నప్పుడు చెరకు ట్రాక్టర్ల మీద పనిచేశారట. ఒక ట్రాక్టరుకు రెండు ట్రాలీలు. ఇందల్వాయి దగ్గర దిగుడులో వెనక ట్రాలీ పిన్ను ఊడింది. పిన్ను పెట్టింది ఆయనే. పెట్టారు గానీ గుంజి చూడలేదు. ఆ ట్రాలీని ఆపబోయి కాలు దాని కింద పెట్టుకున్నారు. ఎవరి మీదికీ పోలేదు, నా కాలుతోటి పోయింది అని మామూలుగా చెప్పారు. టిఫిన్ డబ్బా దగ్గర నేను నవ్విన నవ్వు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

సిగ్గు పడినా తెలివి రాలేదు. ఫెయిర్ రోజు పొద్దున ఇంకో ఘనకార్యం చేశాను. ఆర్మూర్ రైలంటే పసుపు మోయకుండా ఎట్లా? మార్కెట్ యార్డు నుంచి తెచ్చిన అసలు పసుపు కొమ్ములు, మంచి లావువి ఏరి, వెనక రెండు డబ్బాల్లో గోపురంలా నింపాను. తలుపు దగ్గర నుంచే పచ్చగా కనపడాలని. దొంకేశ్వర్ పిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. స్విచ్ వేశాను. మలుపు రాగానే నడుమ ఉన్న ఖాళీ డబ్బాలు లోపలికి ఒరిగి పడ్డాయి, పసుపు కొమ్ములు బల్లంతా దొర్లాయి. పిల్లలు పగలబడి నవ్వారు. హెడ్మాస్టరు దూరం నుంచే తల పట్టుకున్నారు.

మా అటెండర్ కుంటుకుంటూ వచ్చి, కొమ్ములు ఏరుతూ నాకు మాత్రమే వినపడేలా చెప్పారు. "ముంగట ఇంజను గుంజుతది, ఎన్కకెళ్లి బరువు గుంజుతది. నడుమ వట్టి డబ్బా ఏడికి పోవాలె? బరువు ఇంజను పక్కకు పెట్టున్రి మేడం." పసుపు డబ్బాలు తోక నుంచి తీసి ఇంజను వెనక తగిలించారు. ఖాళీవి వెనక్కి పోయాయి. అందరి ముందూ, ఏ తొందరా లేకుండా, చివరి డబ్బాను గుంజి చూశారు. ఇంజను కదిలింది. నా వైపు తల ఊపారు.

ఆ రోజు బడి మూసేదాకా ఆ రైలు తిరిగింది. ఒక్కసారి కూడా ఊడలేదు. దొంకేశ్వర్ నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల బల్ల అంచుకు గడ్డం ఆనించి, వాళ్ల టీచరు చేయి పట్టి లాక్కుపోయేదాకా చూస్తూనే ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. రైలు ముందు పెట్టిన కార్డు మీద నా పేరు, నలుగురు పిల్లల పేర్లు ఉన్నాయి. ఆయన పేరు లేదు. ఆ కార్డు మీది దుమ్ము ఆయనే తుడిచారు. ఏడాదంతా అది నన్ను కుట్టింది. మరుసటి ఏడు కొత్త కార్డు రాస్తూ, అందులో మీ పేరు పెడుతున్నానన్నా అని చెప్పాను. వద్దులే మేడం అంటారేమో, బతిమాలాలేమో అనుకున్నాను. ఆయన కార్డు వైపు చూసి, "జర పెద్దగ రాయున్రి. మా బిడ్డ సదువుకుంటది," అన్నారు. అందరికంటే పైన, అందరికంటే పెద్దగా రాశాను. ఆయనలో నాకు అన్నింటికంటే నచ్చింది అదే. తన పని విలువ ఆయనకు తెలుసు. ఇస్తే తీసుకున్నారు, ఇవ్వకపోతే అలగలేదు.

తర్వాత ఫెయిర్లకు కొత్త కొత్త ప్రాజెక్టులు వచ్చాయి. రైలు స్టోర్ రూముకు పోయింది. అది ఏమైందని నేను మళ్లీ అడగలేదు. రిటైరయ్యాక ఆయన నెలకోసారి బడికి వచ్చేవారు. కాసేపు ల్యాబ్‌లో కూర్చుని, చాయ్ సాసర్‌లో పోసుకుని తాగి, వెనక గదులన్నీ ఒకసారి చూసి పోయేవారు. అలవాటు పోలేదనుకునేదాన్ని. గేటు దాటాక గొళ్లెం గుంజిన చప్పుడు వినపడేది.

ఆయన్ని సాగనంపిన రోజు చర్చి నుంచి, ఆ తర్వాత సమాధుల దగ్గర నుంచి నేరుగా బడికే వచ్చాను. పెట్టెను తాళ్లతో దించుతున్నప్పుడు ఆయన ఉంటే ఆ ముడులు గుంజి చూసేవారని అనిపించి, అందరూ ఏడుస్తున్న చోట నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఆపుకోలేనంత ఏడ్చాను.

స్టోర్ రూములో ఎర్రదారం చెవితో బీరువా తెరిచాను. ఇన్నేళ్ల దుమ్ము మీద పడుతుందని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. దుమ్ము లేదు. కింది అరలో పాత గుడ్డ పరిచి ఉంది. దాని మీద ఇంజను, ఆరు డబ్బాలు వరసగా, తగిలించే ఉన్నాయి. కొక్కేలకు కుట్టుమిషను నూనె వాసన ఇంకా పోలేదు. ఇంజను వెనక రెండు డబ్బాల్లో పసుపు కొమ్ములున్నాయి, పోయిన పంటవి.

నేల మీద కూర్చుని, చివరి డబ్బాను వేలితో మెల్లగా గుంజాను. ముందున్న ఇంజను కదిలింది.