పూర్ణా మార్కెట్ చేప

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఏటా ఒక నెల చేపల కూర మీద గొడవ నడిచేది... కూర బాగోలేక కాదు. ఆ చేప ఎవరి దగ్గర కొన్నారు అని.

అప్పటికి స్టీల్ ప్లాంటు ఇంకా కడుతూనే ఉన్నారు. నాన్న పోర్టులో క్రేన్ నడిపేవారు. డాక్ దగ్గర క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఎండాకాలం వచ్చిందంటే క్వార్టర్స్ వెనక గ్రౌండులో ఫుట్‌బాల్ కప్పు. ఎక్కడెక్కడి పేటల నుంచో జట్లు వచ్చేవి... ఫైనల్లో మిగిలేది మాత్రం మా క్వార్టర్సూ, జాలరిపేటా. గెలిచేది జాలరిపేట. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే.

మావాళ్ళకి బూట్లు, మేజోళ్ళు, రంగు బనియన్లు. వాళ్ళవి వట్టి కాళ్ళు. ఇసకలో ఆడి ఆడి రాటుదేలిన కాళ్ళు... గట్టి నేల మీద వాళ్ళని పట్టుకోవడం ఎవరి తరం? అందులోనూ ఆ నూకరాజు. వాడి కాలికి బంతి దొరికిందంటే నాన్న "అయిపోనాది" అని, గోల్ పడకముందే లేచి చొక్కా దులుపుకునేవారు.

ఆ నూకరాజు ఎవరో కాదు, మాకు చేపలు తెచ్చే పోలమ్మ కొడుకే.

పోలమ్మని నాన్న "అప్పా" అని పిలిచేవారు. మా వైపు అప్ప అంటే అక్క. అంత ఆప్యాయతా ఉండేది... కానీ ఫైనల్ ఓడిన మర్నాటి నుంచి నెల రోజులు ఆమె చేప మా గడప తొక్కకూడదు. "ఆ గుంటడికి అంత బలం ఎక్కణ్ణుంచి వస్తంది? మనం ఆ సేపలు కొంటేనే కదేటి" అని ఆయన వాదన.

పోలమ్మ ఏమీ ఎరగనట్టు ఆ మర్నాడే మా అరుగు మీద గంప దించేది. "ఏటి తమ్ముడూ, అలిగినావేటి? మంచి వంజరం ఉంది, సూడు." నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవారు.

ఆయన డ్యూటీకి వెళ్ళాక అమ్మ పెరటి గుమ్మం దగ్గర ఆ చేపే తీసుకునేది. మధ్యాహ్నం కంచంలో ముక్క పడగానే నాన్న అడిగేవారు... "ఇదెక్కడిది?"

"పూర్ణా మార్కెట్‌ది" అనేది అమ్మ, తొణక్కుండా.

"అదీ. మార్కెట్ సేప రుచే వేరు" అని రెండో ముక్క వేయించుకునేవారు. నేనూ తమ్ముడూ నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళం.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు మా జట్టు బాగా కుదిరింది. ఈసారి కప్పు మనదేనని నాన్న డాక్ అంతా చాటేశారు. ఆదివారం ఫైనల్. గురువారం తెల్లారి నూకరాజు, వాళ్ళ జట్టులోనే ఇంకో ఇద్దరు ఒకే పడవలో వేటకి వెళ్ళారు. శుక్రవారం వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారని నాన్న వచ్చి చెప్పారు. మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి. వాళ్ళది రాలేదు. శనివారం పోలమ్మా రాలేదు.

ఏటా ఫైనల్ రోజు చర్చిలో నాన్న పెదాలు కదుపుతూ ఏం ప్రార్థించేవారో మాకందరికీ తెలుసు. ఆ ఆదివారం మాత్రం ఆయన నోట నూకరాజు పేరు నా చెవిన పడింది.

సాయంత్రం గ్రౌండుకి జాలరిపేట నుంచి ఎనిమిది మందే వచ్చారు. రిఫరీ అరగంట చూస్తానన్నాడు... ఆ లోపు మిగతావాళ్ళు రాకపోతే కప్పు మాదేనట. మావాళ్ళు అప్పుడే ఈలలు మొదలెట్టారు. అబద్ధమెందుకు, నాకూ సంతోషంగానే ఉంది.

నాన్న లేచి గ్రౌండులోకి నడిచారు. మా కెప్టెన్ భుజం మీద చెయ్యి వేశారు. "బావా, మేచ్ వాయిదా ఎయ్యమని సెప్పు. కుర్రోళ్ళు సముద్రంలో ఉంటే మనకిక్కడ ఈలలేటి?"

మ్యాచ్ వాయిదా పడింది. ఆ సాయంత్రం గ్రౌండంతా, మావాళ్ళూ వాళ్ళవాళ్ళూ, జాలరిపేట ఒడ్డుకి నడిచాం. నాన్న వెళ్ళి పోలమ్మ పక్కన నిలబడ్డారు. నాకు భయం వేసింది.

అందరం సముద్రం వైపే చూస్తున్నాం... వెనక రోడ్డు వైపు నుంచి ఎవరో "అమ్మా" అన్నారు.

ముగ్గురూ బస్సు దిగి వస్తున్నారు. పడవ భీమిలి అవతల ఎక్కడో ఒడ్డుకి కొట్టుకుపోయిందట. దారంతా చెట్లు పడి, ఆ రోజు దాకా బస్సే లేదట. నూకరాజు నోటి నుంచి వచ్చిన రెండో మాట... "మేచ్ అయిపోనాదేటి?"

పోలమ్మ ముందు వాణ్ణి నాలుగు బాదింది. తరవాత కావలించుకుని ఏడ్చింది. నాన్న కూడా ఏడ్చారు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. "నిన్ను ఓడిద్దామని ఇన్నేళ్ళ నుంచి సూత్తన్నాను. ఆడకుండా ఎక్కడికెల్లిపోతావురా" అన్నారు.

మరుసటి ఆదివారం ఫైనల్ జరిగింది. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయాం. మూడు నూకరాజువే.

దారి పొడుగునా బూట్లనీ, రిఫరీనీ, గాలినీ తిట్టుకుంటూ వచ్చారు నాన్న. మర్నాడు డ్యూటీ దిగి అన్నానికి కూర్చున్నారు. అమ్మ చేప ముక్క వేసి, అడక్కముందే "పూర్ణా మార్కెట్‌ది" అంది, అలవాటు కొద్దీ.

నాన్న నమిలి మింగి, నింపాదిగా అన్నారు. "ఎన్నేళ్ళు సెప్తావే ఆ అబద్ధం? మా అప్ప సేప నాకు తెలీదేటి... ఇంకో ముక్కెయ్."

నాన్న బతికుండగా ఆ కప్పు మా క్వార్టర్స్‌కి రానేలేదు.

ఇప్పుడు మధురవాడలో మా అపార్ట్‌మెంట్‌కి చేపలు ముక్కలు కోసి, కవర్లో పెట్టి పంపిస్తారు. ఎవరు పట్టారో తెలీదు... వాళ్ళ కుర్రాడు ఏ జట్టుకి ఆడతాడో తెలీదు. మీ నాన్నల్ని ఏటా ఏడిపించిన జట్టేదో మీరూ చెప్పండి, వింటాను. నాకైతే ఇప్పుడు అలగడానికి కూడా ఎవరూ లేరు.