మూల కత్తిరించిన కవరు

అరవైల్లో మైపాడు బడిలో పాఠాలు చెబుతూ తపాలా పని కూడా నేనే చూసేవాణ్ణి. రెండు పనులు, ఒక్క ఒళ్ళు. ఓపిక దేనికీ చాలేది కాదు.

ఆ రోజుల్లో, వలలు లాగేవాళ్ళతో సంఘం పెట్టించినతన్ని యుద్ధం పేరు చెప్పి విచారణ లేకుండా జైల్లో వేశారు. ఏ జైలో ఇంట్లోవాళ్ళకు చెప్పలేదు. అతని భార్య రోజూ చేపల గంప దించి నన్నే అడిగేది.

"మనిషి ఉండాడా లేడా అయ్యోరా? ఆ ఒక్క మాట తెలిస్తే చాలు."

నేనేమైనా జైలరునా? విసుక్కునేవాణ్ణి. చివరికి నెల్లూరు వకీలొకాయన, ఇలాంటి ఖైదీల కోసం ప్రభుత్వాలను నిలదీసే విదేశీ సంఘం ఉందని చెబితే, ఆమె వేలిముద్ర వేయించి నేనే ఉత్తరం రాశాను.

గోరుచుట్టు మీద రోకటిపోటులా పోలీసు జమేదారు దిగాడు. "పరదేశం కవరు ఏదొచ్చినా ముందు నాకియ్యాల. ఆ సంఘమోళ్ళని దేశంలోకే రానీడంలేదు, నువ్వెంత?" అన్నాడు. సరేనన్నాను. ఉద్యోగం కావాలి కదా. అప్పట్నుంచి రోజూ వచ్చి తపాలా సంచి వెతికేవాడు.

ఒకనాడు అతను రాకముందే జవాబు వచ్చింది. సెన్సారువాళ్ళు కవరు మూల కత్తిరించి, చూసి, కాగితం ముక్క అతికించి వదిలారు. విప్పి చదవడానికి ధైర్యం చాలలేదు. పరుగున వాళ్ళింటికి పోయాను. భార్య చేపలమ్మడానికి పోయింది. ఖైదీ తల్లి ఉంటే చేతిలో పెట్టి, "సాయంత్రం వచ్చి చదువుతా, ఎవరికీ చెప్పబాక" అని వచ్చేశాను.

మా వైపు చావు కబురు రాసిన కార్డుకు మూల చింపుతారు. అలాంటిది ఇంట్లో ఉంచుకోరు. రోజూ తపాలా చూసే నాకు ఆ కత్తిరింపు సెన్సారు గుర్తు. ఆ తల్లికి అదేం గుర్తో నాకు తట్టనైనా తట్టలేదు. ఇంత చదువూ దండగే.

సాయంత్రానికి ఇల్లంతా ఏడుపు. కవరేదని తల్లిని అడిగాను.

"ఇంట్లో పెట్టుకుంటామా అయ్యోరా? చించి సముద్రంలో ఏసినా. తలకి పోసుకున్నా."

అది చావు కబురు కాదని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. కోడలు కళ్ళు తుడుచుకుని, "మరి దాన్లో ఏం రాసుండారు?" అంది. 

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మళ్ళీ రాశాను. ఏమీ రాలేదు. ఆ సంఘం ఉత్తరాలు పైనే ఆపేస్తున్నారని వకీలు చెప్పాడు. కోడలు ఒకనాడు బొట్టు పెట్టుకునేది, ఒకనాడు చెరిపేసుకునేది. తల్లి మాత్రం కొడుకు పోయాడనే నమ్మి కన్నుమూసింది.

ఏళ్ళు గడిచాక అతను తిరిగొచ్చాడు. సగమయ్యాడు. బడి అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"లోపలున్నన్నాళ్ళూ బయటోళ్ళు ఒక్కరైనా నన్ను గురించి అడిగినారా అయ్యోరా?"

"అడిగారు. జవాబు కూడా వచ్చింది."

"ఏమని రాసినారు?"

"చదవలేదు" అన్నాను.