కొలిమికి సెలవు లేదు

ఆయుధపూజ నాడు శ్రీరాంపుర ఎర్రగా తెల్లవారుతుంది. గుమ్మడికాయల్లో నింపడానికి కలిపిన కుంకుమ ప్రతి గడప దగ్గరా కాస్త ఒలుకుతుంది. అది పిల్లల పాదాలకు అంటుకుని వీధంతా తిరిగి వస్తుంది.

ఆ వీధి మొత్తానికీ పూజకు ఒకటే పీట. దాన్ని నంజుండప్ప ఇంటి అరుగు మీద వేస్తారు. దర్జీ కత్తెర, వడ్రంగి బాడిస, మంగలి కత్తి, ఆటోవాళ్ల పానాలు దాని మీద పక్కపక్కనే పడుకుంటాయి. పూజయ్యాక మర్నాడు పొద్దున దీపం వెలిగించేదాకా వాటిని ఎవరూ ముట్టరు. ఏడాదంతా మనిషిని మోసిన పనిముట్టుకు ఆ ఒక్క రోజూ నిద్ర. ఏది పీట ఎక్కాలో, ఏది ఎక్కకూడదో చెప్పేది నంజుండప్ప.

ఆ పెద్దరికం ఆయనకు ముంజేతులు తెచ్చిపెట్టాయి. ఉద్యోగమున్నన్నాళ్లూ ఆయన కార్ఖానాలో ఉక్కును కాల్చే కొలిమి ముందు నిలబడ్డాడు. ఆ వేడికి రాలిన వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. రెండు చేతులూ మోచేతుల దాకా ఏటి రాళ్లలా నున్నగా ఉంటాయి. ఆ చేతులతోనే కింద ఇల్లు, పైన ఒక గది కట్టాడు. డబ్బంటే ఆయన దృష్టిలో చొక్కా వీపున ఎండిన ఉప్పు. ఉప్పు చాలని ఊరగాయ ఎన్నాళ్లుంటుందో చెమట లేని డబ్బూ అన్నాళ్లే ఉంటుందని ఆయన నమ్మకం.

పై గదిలో అద్దెకున్న సించన సంపాదనలో ఆ ఉప్పు ఆయనకు ఎక్కడా కనిపించలేదు. తిపటూరు నుంచి వచ్చిన పిల్ల. చల్లటి ఆఫీసులోనో, గదిలో చాప మీదో కూర్చుని ల్యాప్‌టాప్‌ను తడుతూ ఉంటుంది. మొన్ననే ఎర్ర కారు కొన్నది. అది నిలబడ్డాక కూరగాయల బండి ఆ వీధిలో ఒరుసుకుంటూ పోవాల్సి వస్తోంది.

"కూర్చుని కొన్న కారు," అన్నాడు దర్జీ మరిస్వామి, పీటకు పసుపు రాస్తూ. "నేనూ కూర్చునే కుడతాను నంజుండన్నా. నాకు మాత్రం సైకిలే దక్కింది."

"నువ్వు కుట్టిన జాకెట్టు వేసుకున్నవాళ్లు మళ్ళీ వస్తే కదా కారొచ్చేది," అంది నంజుండప్ప భార్య లక్కమ్మ.

అంతలో సించన మెట్లు దిగి వచ్చింది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా కారుతోంది. ఒక చేతిలో వాళ్ల తోట కొబ్బరికాయ, ఇంకో చేతిలో ల్యాప్‌టాప్.

"అజ్జా, దీన్ని మీ పీట మీద పెట్టనిస్తారా?" నంజుండప్పను తాత వరసలో ఆమె అలాగే పిలుస్తుంది.

"కారుకు గుమ్మడికాయ కొట్టిస్తున్నావుగా. చాలదా?"

"కారు నేను కొనుక్కున్నది అజ్జా. నాకు అన్నం పెట్టేది ఇది."

మరిస్వామి కళ్లద్దాల మీంచి చూశాడు. "నా కత్తెర గుడ్డ కోస్తుంది. అదేం కోస్తుందమ్మా?"

"నా నిద్ర, మామా."

అరుగంతా నవ్వింది. నంజుండప్ప నవ్వలేదు. పీట మీది కత్తెరను కాస్త జరిపి, "అంచున పెట్టు. పెట్టాక రేపటిదాకా ముట్టకూడదు," అన్నాడు. ఆమె తలూపింది. ఆయన దానిమీద మూడు విభూతి గీతలు గీసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక చామంతి ఉంచాడు. మూత మూసిన ఆ నల్లటి పలక పొద్దుటి ఎండలో చిన్న చెరువులా మెరిసింది.

హారతి అయింది. బొరుగులు పంచారు. లక్కమ్మ ఆకుల్లో ఒబ్బట్లు పెట్టి నెయ్యి వేస్తుండగా సించన ఫోను మోగింది. వింటూ వింటూ ఆమె లేచి నిలబడింది.

"సెలవు చెప్పావుగా," అంది లక్కమ్మ.

"చెప్పానమ్మా. ఏదైనా ఆగితే పిలుస్తామన్నారు. ఆగింది. ఆసుపత్రుల కంప్యూటర్లలో మందుల చీటీలు తెరుచుకోవడం లేదట." పీట వైపు చూసింది కానీ చెయ్యి చాచలేదు. "అజ్జా, తీసుకోకపోతే నా ఉద్యోగం పోవచ్చు. తీసుకుంటే..."

"తీసుకుంటే పూజ చెడుతుంది," అన్నాడు మరిస్వామి. "అది ఇంకెప్పుడూ పీట ఎక్కదు. పండగపూట కూడా జీతం మీదే ధ్యాస వీళ్లకు."

నంజుండప్ప ఆమె వైపు తిరిగాడు. సించన చేతిలో సగం తిన్న ఒబ్బట్టు ఉంది. నెయ్యి మణికట్టు మీదుగా జారుతున్నా ఆమెకు తెలియడం లేదు. అలా నిలబడి తినే మనిషిని ఆయన ఎరుగును.

కార్ఖానాలో ఆయుధపూజకు యంత్రాలన్నీ అరటి మొక్కల నీడన పడుకునేవి. కొలిమి మాత్రం పడుకునేది కాదు. చల్లారితే లోపలి ఇటుక పగిలిపోతుంది. అందుకే దానికి మండుతుండగానే పూజ చేసేవారు. దాని తలుపు మీద పెట్టిన కుంకుమ క్షణంలో నల్లబడేది. ఒక్కడు కాపలా ఉండాలి. ఏటేటా ఆ ఒక్కడు నంజుండప్పే. పండగ తిండి కొలిమి ముందు నిలబడే తినేవాడు. పండగ పనికి రెట్టింపు కూలి ఇచ్చేవారు. పై గది గోడలు ఆ కూలితోనే లేచాయి. అప్పుడు ఈ అరుగు మీదే ఎవరో అన్నారు, పండగకు పెళ్లాం పక్కన కూర్చోకుండా డబ్బుకు కాపలా కాస్తాడు వీడు, అని. ఆ మాట కొలిమి వేడి కంటే ఎక్కువ రోజులు ఒంట్లో ఉండిపోయింది.

ఆయన లేచాడు. కుంకుమ చెరగకుండా ల్యాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తాడు. అది వెచ్చగా తగిలింది. ఎండకో, లోపలి పనికో ఆయనకు తెలియదు.

"ఇది కత్తెర లాంటిది కాదు మరిస్వామీ, కొలిమి లాంటిది. దీనికి పూజ మండుతుండగానే." ఆమె చేతుల్లో పెట్టాడు. "వెళ్ళు తల్లీ. రేపు దీపం వేళకు మళ్ళీ పట్టుకురా."

మరిస్వామి ఊరుకోలేదు. "మరి ఆ కారు ఎలాంటిది?"

"అది ఒట్టి పొగరు. నా గేటుకు అడ్డంగా పెట్టింది."

మెట్లెక్కుతున్న సించన నవ్వు పైనుంచి వినిపించింది. తర్వాత తలుపు, ఆ తర్వాత చినుకుల్లాంటి టకటకలు.

కాసేపాగి నంజుండప్ప ఆకులో రెండు ఒబ్బట్లు పెట్టుకుని పైకి వెళ్లాడు. ఆమె చాప మీద కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. నెత్తిన ఫ్యాను తిరుగుతున్నా జాకెట్టు వీపున చెమటకు తడిసింది. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒబ్బట్లను చిన్న చిన్న ముక్కలుగా, చూడకుండా తినగలిగినంత చిన్నవిగా తుంచి ఆకును ఆమె ఎడమ చేతి పక్కకు జరిపాడు.