తలుపు సందులో చెప్పు

మా నాన్న తమ్ముణ్ని బడిలో వేసి, నన్ను వంటింట్లో వేశాడు. అరవై దాటాక మనవరాలి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను కాబట్టి ఇప్పుడిది రాయగలుగుతున్నాను.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఒక చలికాలం సాయంత్రం రాయపూర్‌లో బండి దిగి, అక్కడే ఉద్యోగం చేసే మా ఆయన కోసం వెయిటింగ్ రూములో కూర్చున్నాను. గాలికి తట్టుకోలేక తలుపు వేయబోతే, ఒక ముసలాయన చెప్పు విడిచి సందులో పెట్టాడు. గట్టిగా తోశాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏం తాతా, నీ ఒక్కడి కోసం అందరం చలికి చావాలా?"

తెలుగు వినగానే నా వైపు తిరిగాడు.

"ఇంగ్లీషోళ్ల యుద్ధంలో మా ఓడ మీద విమానాలు బాంబులేశాయమ్మా. కింద గదిలోకి నీళ్లొచ్చేశాయి. ఇనప తలుపు మూయకపోతే ఓడంతా మునిగిపోద్దన్నారు. నేనే మూశాను. లోపల మా ఊరోడున్నాడు. 'ఒరే, నేనున్నాన్రా' అని తలుపు బాదాడు."

"మరి ఓడ?"

"అదీ మునిగిపోయింది."

నేను తలుపు వదిలేశాను.

మర్నాడు పొద్దున ఇంట్లోంచి డ్యూటీకి పోతూ మా ఆయన, "చలిగా ఉంది, తలుపేసుకో" అన్నాడు. గడియ దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుని, నా చెప్పు ఒకటి తెచ్చి సందులో పెట్టాను.